తాళం నా దగ్గర లేని సర్వర్

కరోనా రెండో విడత సద్దుమణిగిన మరుసటి ఏడాది, కార్తీకం వానలు ఇంకా మొదలుకాని రోజుల్లో, నెల్లూరు నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలోని ఒక ట్రస్టు ఆసుపత్రి నుంచి నాకు ఫోన్ వచ్చింది. నేను సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ని. కంప్యూటర్లు అమ్మను, ప్రోగ్రాములు రాయను. ఉన్న సర్వర్లు ఆగిపోకుండా, వాటిలోని సమాచారం పోకుండా, పరాయివాళ్ళ చేతికి చిక్కకుండా చూడటం నా పని. బుచ్చిరెడ్డిపాలెంలో రైస్ మిల్లులు, కావలిలో కాలేజీలు, తీరం పొడుగునా రొయ్య పిల్లల హేచరీలు నాకు ఖాతాదారులు. ఆసుపత్రి పని అదే మొదటిసారి.

ఫోన్ చేసింది అక్కడి కౌన్సెలర్ ఎస్తేరు గారు. యాభై దాటిన మనిషి. కుర్చీ చూపించి తాను మాత్రం కూర్చోరు. మాట్లాడుతూ కిటికీ దాకా నడిచి, మళ్ళీ తలుపు దాకా వచ్చి, బయట ఎవరైనా ఉన్నారేమోనని చూసి, మాట కొనసాగిస్తారు. వరండా చివర ఆమె గది. తలుపు మీద బోర్డు లేదు. ఆ గదికి వచ్చేవాళ్ళు హెచ్ఐవి ఉన్నవాళ్ళు. నెలనెలా వచ్చి మాత్రలు తీసుకుపోతారు. బోర్డు పెడితే ఎవరూ రారని పెట్టలేదు. పిలుపు వచ్చేదాకా వాళ్ళు కంటి డాక్టరు గది ముందున్న బల్లల మీద కూర్చుంటారు.

ఆసుపత్రి మొత్తానికీ ఒకటే సాఫ్ట్‌వేర్. బిల్లింగ్ కౌంటరు, ల్యాబ్, మందుల షాపు, ఎస్తేరు గారి గది అన్నీ అందులోనే. లాగిన్ కూడా అందరికీ ఒకటే. దాన్ని బిల్లింగ్ కౌంటర్లో తెర అంచుకి చీటీ అంటించి పెట్టారు. అక్కడ కూర్చున్న ఎవరైనా సరే, ఏ పేరు కొడితే ఆ మనిషి ఏ మందులు వాడుతున్నాడో కనిపిస్తుంది. ఎవరో చూశారు. ఎవరికో చెప్పారు. అది వాగు పక్కన ఉన్న ఒక ఊరికి చేరింది. ఆ ఊళ్ళో బస్సు ఆగే చోట ఇడ్లీలు అమ్మే ఒక స్త్రీ దగ్గర జనం టిఫిన్ తినడం మానేశారు. ఆమె మందులకు రావడం మానేసింది. ఎస్తేరు గారు రెండుసార్లు ఆ ఊరికి వెళ్ళారు. రెండోసారి తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తున్నా ఎంత పిలిచినా తియ్యలేదు.

“ఎవరు చెప్పినారో నేను కనుక్కోను. కనుక్కుంటే ఒకరి ఉద్యోగం పోతుంది, ఆమె అంగడి మాత్రం తిరిగి రాదు,” అన్నారు ఎస్తేరు గారు. “ఆ సంగతి తెలిసి ఇంకా కొంతమంది రావడం మానేసినారు. ఈ మందు ఆపితే మనిషి నిలవడు. ఇంకెవరి పేరూ ఈ గది దాటకుండా చెయ్యగలవా, అది చెప్పు నాకు.”

చెయ్యగలనన్నాను. ఆ గదికి విడిగా ఒక చిన్న సర్వర్ కొంటే సరిపోతుందని నా లెక్క. మేనేజరు రమణయ్య గారు మాత్రం కొత్త మిషన్ ఇప్పట్లో కుదరదని చెప్పేశారు. ఎక్స్‌రే గది పక్కనున్న ఇరుకు గదిలో ఉన్న పాత సర్వర్‌లోనే ఏదైనా చెయ్యమన్నారు. వెళ్ళి చూశాను. ఉప్పుగాలికి పెట్టె అంచులు తుప్పుపట్టి ఉన్నాయి. స్క్రూ తిప్పితే ఎర్రటి పొడి రాలింది. అయినా లోపల మెమరీ, ప్రాసెసర్ బాగానే ఉన్నాయి. సరే, ఇందులోనే వర్చువల్ సర్వర్ పెడదామనుకున్నాను.

వర్చువల్ సర్వర్ అంటే ఒక కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఇంకో కంప్యూటరు. దానికి విడిగా డిస్కు, మెమరీ, నెట్‌వర్కు ఉంటాయి. లోపలిదానికి తాను ఇంకొకదాని పొట్టలో ఉన్నట్టు తెలియదు. దాన్ని ఐసొలేట్ చెయ్యడమంటే బయటి దారులన్నీ మూసెయ్యడం. ఇంటర్నెట్ ఉండదు. ఆసుపత్రిలోని మిగతా కంప్యూటర్లకు అది అసలు ఉన్నట్టే కనిపించదు. అందులో వివరాలను వరుసలుగా దాచే ఒక డేటాబేస్ సర్వర్ పెట్టి, ఎస్తేరు గారి బల్ల మీది కంప్యూటరుకు మాత్రమే ఒక్క దారి తెరిచి ఉంచాలి. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం ఏ పనీ ఒక పట్టాన కాలేదు.

ఇంటర్నెట్ లేని మిషన్‌లోకి సాఫ్ట్‌వేర్ తనంతట తాను దిగిరాదు. నెల్లూరులోని నా ఆఫీసులో దించుకుని, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని తీసుకెళ్ళాలి. ఫైలు దారిలో మారిపోలేదని నిర్ధారించే పొడవాటి సంఖ్యను సరిచూడాలి. దాన్ని చెక్‌సమ్ అంటాం. అది సరిపోయింది. ఎక్కించబోతే, ఈ సాఫ్ట్‌వేర్‌కి ఇంకోటి కావాలంది. మళ్ళీ నెల్లూరు. ఆ ఇంకోదానికి మరొకటి కావాలంది. ఆ వారమంతా స్కూటీ మీద రొయ్యల గుంటల మధ్య రోడ్డులో తిరుగుతూనే ఉన్నాను. దారి పొడుగునా గుంటల్లో గాలి కలిపే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతూ ఉండేవి. ఇంటికి వచ్చినా కాలు ఒకచోట నిలిచేది కాదు.

చివరికి డేటాబేస్ లేచింది. కానీ ఎవరికీ పలకలేదు. కొత్తగా పెట్టిన డేటాబేస్ మొదట తన మిషన్‌లో వాళ్ళ మాటే వింటుంది. బయటి నుంచి ఎవరి మాట వినాలో విడిగా చెప్పాలి. ఎస్తేరు గారి కంప్యూటరు చిరునామా ఒక్కటే రాసి, మిగతా అన్నిటినీ కాదనమన్నాను. తర్వాత గది గదికీ తిరిగి పరీక్షించాను. ఎస్తేరు గారి బల్ల నుంచి పలికింది. బిల్లింగ్ కౌంటరు నుంచి కొడితే జవాబు లేదు. ల్యాబ్ నుంచి లేదు. మందుల షాపు నుంచి లేదు. నా వృత్తిలో జవాబు రాకపోతే సంతోషించే సందర్భాలు తక్కువ. ఆ రోజు మాత్రం బిల్లింగ్ కౌంటరు తెర మీద ఎర్రక్షరాలు చూసి నాలో నేను నవ్వుకున్నాను.

రమణయ్య గారికి మాత్రం అది నచ్చలేదు. నన్ను తన గదికి పిలిపించి, ఆసుపత్రిలో మేనేజరుకు తెరుచుకోని గది ఉండటమేంటని అడిగారు. చెడ్డ మనిషి కాడు. రేపు ఏ అధికారో వచ్చి లెక్కలు అడిగితే, లేదా ఆ డేటా పోయిందంటే, మాట పడేది తానేనని ఆయన బాధ. పాస్‌వర్డ్ ఒకటి కాగితం మీద రాసిచ్చి సీలు వెయ్యమన్నారు. అది ఆసుపత్రి పెద్ద డాక్టరు గారు, ఎస్తేరు గారు తేల్చుకోవలసిన మాటని చెప్పి బయటపడ్డాను. ఆ తర్వాత నేను వరండాలో కనపడితే ఆయన తల పక్కకు తిప్పుకునేవారు.

ఇక మిగిలింది పాత డేటాని కొత్త చోటికి తరలించడం. నేను చూడకుండానే అది జరిగేటట్టు ప్రోగ్రాము పెట్టాను. వరుసల లెక్క సరిపోయిందా, ఎక్కడైనా గడులు ఖాళీగా వచ్చాయా అన్నది మాత్రమే తెర మీదికి వస్తుంది. పేర్లు రావు. తరలించినంతసేపూ ఎస్తేరు గారు నా కుర్చీ వెనక నిలబడే ఉన్నారు. అది అయిపోయాక పాత సాఫ్ట్‌వేర్ నుంచి ఆ వివరాలు తుడిచేశాను. అప్పుడు ఆమె ఒక మాట అడిగారు.

“అంతా బాగుండాది. మరి నీకు కనపడతాయా ఈ పేర్లు?”

దాచిపెట్టలేదు. డిస్కు మీద రాసేదంతా ఎన్‌క్రిప్షన్‌తో కలగాపులగం చేసి ఉంచామని, సర్వర్ లేచిన ప్రతిసారీ పాస్‌ఫ్రేజ్ అనే పొడవాటి పాస్‌వర్డ్ కొడితేనే అది చదవడానికి వీలవుతుందని, ప్రస్తుతానికి ఆ పాస్‌ఫ్రేజ్ పెట్టింది నేనే కాబట్టి కూర్చుని వెతికితే నాకు కనపడతాయని చెప్పాను. మీరు పని నేర్చుకున్నాక మీరే మార్చేసుకోవచ్చు, కానీ అప్పుడు మీరు మరిచిపోతే నేనూ తెరవలేను అని కూడా చెప్పాను. ఆమె ఆలోచించి, నేర్చుకోవడం అయినాక మారుస్తానన్నారు. ఇంకొక వారం పట్టేటట్టుంది. ఆ వారంలోనే మా చెల్లెలు వచ్చింది.

ప్రమీల నాకంటే బాగా చిన్నది. మా నాన్న వరి పొలాల మీద బతికిన మనిషి. మమ్మల్నిద్దరినీ చదివించాడు. నేను కంప్యూటర్లలో పడ్డాను. ప్రమీల డిగ్రీ కాగానే మోహన్‌ని పెళ్ళి చేసుకుంది. మోహన్ సముద్రం ఒడ్డున ఒక హేచరీలో టెక్నీషియన్. రొయ్య పిల్లల తొట్లలో నీళ్ళ ఉప్పు, వేడి చూసుకుంటూ ఉండే నెమ్మదస్తుడు. పది మాటలు మాట్లాడితే ఒక మాట బదులిచ్చే రకం. వాళ్ళకు ఒక కూతురు.

మధ్యాహ్నం పూట చెప్పకుండా వచ్చింది ప్రమీల. కూర్చోమంటే కూర్చోకుండా నా వంటింట్లో డబ్బాలు సర్దడం మొదలుపెట్టింది. పసుపు డబ్బా తీసి ఉప్పు పక్కన పెట్టింది, మళ్ళీ తీసింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. అప్పుడు చెప్పింది. మోహన్ సంచిలో మాత్రల సీసా కనపడిందట. మీది కాగితం గోకేసి ఉందట. దేనికని అడిగితే గ్యాస్‌కని అన్నాడట. హేచరీలో పనిచేసే ఒకావిడ, నెలలో ఒకరోజు అతన్ని ట్రస్టు ఆసుపత్రిలో కంటి డాక్టరు బల్లల దగ్గర చూస్తున్నానని, కళ్ళకేమన్నా అయిందా అని ప్రమీలనే అడిగిందట. మోహన్ కళ్ళకి ఏమీ కాలేదు.

“అక్కా, ఆ కంప్యూటర్ చేసింది నువ్వే గదా,” అంది. “ఆయన పేరు ఉండాదా లేదా, ఆ ఒక్క మాట చెప్పు. ఇంకేమీ అడగను. నాకు బిడ్డ ఉండాది గదా అక్కా.”

అవుననలేదు, కాదనలేదు. దానికి కాఫీ కలిపి ఇచ్చాను. తాగకుండానే బస్సు టైమైందని వెళ్ళిపోయింది. వాకిట్లో చెప్పులేసుకుంటూ నా ముఖంలోకి చూసిన చూపు, నేను చెప్పేస్తానని నమ్మిన చూపు.

అది వెళ్ళాక ఇంట్లో ఉండలేకపోయాను. మిద్దె మీదికి పోయి ఆరిన బట్టలు తెచ్చాను. మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ పెట్టాను. నా చెల్లెలు ఏదో పరాయి రహస్యం అడగలేదు. తన ఒంటి గురించి అడిగింది. ఆ ఇంట్లో ఆ జబ్బే ఉంటే దానికి తెలియాలా వద్దా? తెలియకుండా ఉంచడం న్యాయమా? ఇంకోపక్క ఇడ్లీలమ్మే ఆమె గుర్తుకొచ్చింది. ఆమె పేరు చూసిన మనిషి కూడా బహుశా ఇలాగే, అక్కకో చెల్లెలికో మంచి చేస్తున్నానని అనుకునే చూసి ఉంటాడు. చెడు చెయ్యాలనుకుని చూసేవాళ్ళు తక్కువ. ఎవరో తెలిసినవాళ్ళ కోసమే చూస్తారు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. చిన్న పనే మిగిలి ఉంది, బ్యాకప్ సరిగ్గా పడుతోందా అని చూడటం. ఎస్తేరు గారు వార్డులోకి వెళ్ళారు. గదిలో నేనొక్కదాన్నే. తెర మీద కర్సర్ మినుకుమినుకుమంటోంది. డేటాబేస్‌ని మాట అడగడానికి ఒక వాక్యం చాలు. దాన్ని క్వెరీ అంటాం. ఫలానా పేరున్న వరుస చూపించు అని ఒక్క వాక్యం. ఎవరికీ తెలియదు. ఉన్నా లేకున్నా ప్రమీలకు ఏదో ఒక దారి చెప్పొచ్చు. చేతులు తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టుకున్నాను. వేళ్ళు ఊరుకోవడం లేదు, చీర కొంగు నలుపుతున్నాయి. లేచి వరండాలోకి వచ్చి, వార్డు దాకా నడిచి వెళ్ళి, ఎస్తేరు గారిని బయటికి పిలిచాను.

“అక్కా, ఆ పాస్‌ఫ్రేజ్ ఇవాళే మార్చెయ్యండి,” అన్నాను.

“నేర్చుకోవడం కాలేదే ఇంకా.”

“ఇప్పుడే నేర్పిస్తాను. నాకు బాగా కావలసిన వాళ్ళు ఒక పేరు అడిగినారు.”

ఆమె నన్ను పరీక్షగా చూశారు. ఎవరు అడిగారని గాని, ఎవరి పేరని గాని అడగలేదు. చేతిలోని ఫైలు నర్సుకిచ్చి నాతో వచ్చారు. దారిలో నడుస్తూనే చెప్పారు. “ఆ అడిగిన మనిషిని నా దగ్గరికి తీసుకురా. ఇంకొకరి గురించి నేను చెప్పను. కానీ ఎవరి పరీక్ష వాళ్ళు చేయించుకోవచ్చు, ఎవరి భయం వాళ్ళు నాకు చెప్పుకోవచ్చు. దానికి ఎవరి పేరూ వెతకాల్సిన పని లేదు.”

ఆ మధ్యాహ్నం ఆమె పాస్‌ఫ్రేజ్ మార్చారు. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. కీబోర్డు మీద ఒక వేలితో కొడుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది. అప్పుడు ఇంకొక నిజం కూడా చెప్పవలసి వచ్చింది. లోపలి సర్వర్‌కి తాళం మార్చినా, బయటి మిషన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు పట్టుబట్టి కూర్చుంటే ఏదో ఒక దారి దొరుకుతుంది. కాబట్టి దాని అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా ఆమెనే మార్చమన్నాను. ఇకమీదట నాకు పనుంటే ఆమె తెరిచి, పక్కన నిలబడి, పని కాగానే మూసెయ్యాలి. పాస్‌ఫ్రేజ్ పెద్ద డాక్టరు గారికి ఒక్కరికే నోటిమాటగా చెప్పాలి. ఫోన్లో చెప్పకూడదు, కాగితం మీద పెట్టకూడదు. ఈ నియమాలు నేనే పెట్టాను.

ప్రమీలకు ఫోన్ చేసి, నేను చూడలేదని, ఇక చూడలేనని చెప్పాను. నువ్వు నాకు అక్కవేనా అంది. ఆ మాట పడ్డాను. కౌన్సెలర్ గారు చెప్పింది చెప్పాను. నెలనెలా మాత్రలిచ్చే మందుల రోజున నేను ఆసుపత్రిలోనే ఉంటాను, రా, నీ పరీక్ష నువ్వు చేయించుకో, నేను బయట కూర్చుంటాను అన్నాను. సరే అనకుండానే పెట్టేసింది.

మందుల రోజుకి ముందురోజే వాయుగుండం పట్టింది. రాత్రంతా కుండపోత. తెల్లవారి నేను ఆసుపత్రికి చేరేసరికి కరెంటు లేదు, ఇంటర్నెట్ లేదు. ఉప్పుగాలికి యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడో నీరసించి ఉన్నాయి. జనరేటరు అందుకునేలోపే సర్వర్ ఆగిపోయి మళ్ళీ లేచింది. లేచి, తెర మీద ఒక్క మాట అడుగుతూ నిలబడింది. పాస్‌ఫ్రేజ్. కంటి డాక్టరు బల్లల మీద అప్పటికే జనం తడిసిన గొడుగులతో కూర్చుని ఉన్నారు. ఆ వరసకు దూరంగా, స్తంభం పక్కన నిలబడి ప్రమీల కూడా ఉంది. నన్ను చూసి తల దించుకుంది.

ఎస్తేరు గారు రాలేదు. ఆమె ఇల్లు గూడూరు వైపు. కాలువ పొంగి రోడ్డు మీదికి నీళ్ళు వచ్చాయి, బస్సులు ఆగిపోయాయి. పెద్ద డాక్టరు గారు ఊళ్ళో లేరు. రమణయ్య గారు ఇరుకు గదిలోకి వచ్చి నా పక్కన నిలబడ్డారు.

“తెరువమ్మా,” అన్నారు.

“నా దగ్గర లేదండీ తాళం.”

“కట్టిన దానివి, నీ దగ్గర లేకపోవడం ఏంది?”

ఆయన గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. తన ఫోన్ నా చేతికిచ్చి ఎస్తేరు గారికి చెయ్యమన్నారు. అదృష్టం బాగుండి కలిసింది. నీళ్ళ హోరులో ఆమె మాట తెగి తెగి వినిపించింది. ఎంతమంది వచ్చారని అడిగారు. బల్లలు నిండాయని చెప్పాను. “చెప్పమంటావా?” అన్నారు.

ఆ రెండు క్షణాలు నాకు ఇప్పటికీ గుర్తే. చెప్పమంటే చెప్పేవారు. నేను కొట్టేదాన్ని. ఆమె వచ్చాక మార్చుకునేవారు. బయట జనం దూరాల నుంచి వానలో వచ్చి కూర్చున్నారు, వాళ్ళని వెనక్కి పంపితే మళ్ళీ వస్తారో రారో తెలియదు. ఇవన్నీ సరైన కారణాలే. కానీ వాకిలి అవతల స్తంభం పక్కన నా చెల్లెలు నిలబడి ఉంది. ఆ తాళం నా చేతికి వస్తే, ఎస్తేరు గారు వచ్చేదాకా ఆ తెర ముందు నేను ఎలా ఉంటానో నాకు తెలియదు.

“వద్దక్కా. ఎట్టాగైనా మీరే రండి,” అన్నాను.

రమణయ్య గారు నా వైపు నమ్మలేనట్టు చూశారు. ఆయనతో మాట్లాడి ఒక ఏర్పాటు చేసుకున్నాం. మందు కార్డు చేతిలో ఉన్నవాళ్ళకు దాన్ని చూసి స్టాఫ్ నర్సు కొద్ది రోజులకు సరిపడా మాత్రలు ఇస్తుంది. కార్డు ఇంట్లో ఎవరి కంటా పడకూడదని పారేసినవాళ్ళు, కొత్తగా వచ్చినవాళ్ళు ఆగాలి. క్యాంటీన్ నుంచి టీ తెప్పించారు ఆయన. టీ గ్లాసుల పళ్ళెం స్వయంగా పట్టుకుని బల్లల వెంట తిరిగారు. ఎవరి ముఖంలోకీ చూడకుండా, గ్లాసుల వైపే చూస్తూ ఇచ్చారు. నేను సర్వర్ గదికీ వాకిలికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఒక పెద్దాయన లేచి గొడుగు తెరిచాడు. పోతున్నాడేమో అనుకున్నాను. నీళ్ళు దులిపి మళ్ళీ మూసి కూర్చున్నాడు.

మధ్యాహ్నం కావస్తుండగా రొయ్యల మేత బస్తాలు వేసుకుని ఒక ట్రాక్టరు ఆసుపత్రి గేటు ముందు ఆగింది. బస్తాల మీద కప్పిన పట్ట కింది నుంచి ఎస్తేరు గారు దిగారు. మోకాళ్ళ దాకా బురద. తువ్వాలుతో చేతులు మాత్రం తుడుచుకుని నేరుగా సర్వర్ గదిలోకి వచ్చారు. నేను గోడవైపు తిరిగాను. రమణయ్య గారు కూడా, ఎవరూ చెప్పకుండానే, నా పక్కన గోడవైపు తిరిగి నిలబడ్డారు.

డేటాబేస్ లేచింది. ఎస్తేరు గారు తన గదికి వెళ్ళి, ఈ రోజు రావలసినవాళ్ళు అన్న మీట నొక్కారు. ఒక్క పేరూ రాలేదు. నన్ను పిలిచారు. మళ్ళీ నొక్కారు. ఖాళీ.

“పోయినాయా?” అని వాకిట్లోంచి రమణయ్య గారు అడిగారు.

ఆ తరలింపు నేనే చేశాను, పాతది నేనే తుడిచాను. బ్యాకప్ ఉంది, కానీ అది తెరిచి తిరిగి ఎక్కించేసరికి పొద్దుపోతుంది. ఏం చెయ్యాలో తోచక తెర మూలమూలలా చూస్తుంటే కింద తేదీ కనపడింది. ఎన్నో ఏళ్ళ కిందటి తేదీ. అప్పుడు అర్థమైంది. కంప్యూటరు ఆగినప్పుడు కూడా గడియారం నడవడానికి లోపల బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. ఆ పాత మిషన్‌లో అది చచ్చిపోయింది. మామూలుగా అయితే మిషన్ లేవగానే ఇంటర్నెట్‌లో ఎవరినో అడిగి టైము సరిచేసుకుంటుంది. ఆ రోజు నెట్ లేదు. లోపలి సర్వర్‌కి ఎప్పుడూ ఉండదు. బయటి ప్రపంచంతో సంబంధం తెంచిన మిషన్‌కి తేదీ చెప్పే దిక్కు కూడా ఉండదు. ఆ పాత తేదీకి ఎవరూ మందులకు రావలసిన వాళ్ళు లేరు, అందుకే ఖాళీ.

ఎస్తేరు గారు అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టారు. నేను తేదీ సరిచేసి, లోపలి సర్వర్‌కి బయటి మిషన్ నుంచి టైము అందేటట్టు పెట్టి, పక్కకు తప్పుకున్నాను. ఆమె మళ్ళీ మీట నొక్కారు. నాకు తెర కనపడలేదు గాని ఆమె ముఖం కనపడింది. పెదాలు కదిలాయి, పేర్లు లోపల చదువుకుంటున్నట్టు. తర్వాత తలెత్తి నర్సుతో, మొదటి మనిషిని పంపమన్నారు. సాయంత్రం రద్దీ తగ్గాక, షుగరు చూసే మిషన్‌లోని బిళ్ళ బ్యాటరీ అదే సైజని నర్సు చెబితే, కొత్తది ఒకటి తీసుకుని సర్వర్‌లో వేశాను.

వచ్చినవాళ్ళందరూ వెళ్ళాక ప్రమీల లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. నేను కంటి డాక్టరు బల్ల మీద కూర్చున్నాను. ఎంతసేపైందో చూసుకోలేదు. బయటికి వచ్చినప్పుడు దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ నడక నిలకడగా ఉంది. ఇద్దరం ఒకే గొడుగు కింద బస్టాపు దాకా నడిచాం. నేనేమీ అడగలేదు. బస్సు ఎక్కేముందు తనే చెప్పింది. “నాకేమీ లేదంటక్కా. ఇంకోసారి చేయించుకోమన్నారు, దానికీ వస్తాను. నన్ను ఆయనతో ఎట్టా మాట్లాడాలో చెప్పింది ఆమె.” అంతే. నేను ఆసుపత్రి గురించి మాట్లాడటం దానితో అదే ఆఖరు.

కొన్ని వారాల తర్వాత బ్యాకప్ చూడటానికి వెళ్ళినప్పుడు ఎస్తేరు గారు, తలుపు తియ్యని మనిషి ఒకరు తలుపు తీశారని మాత్రం చెప్పారు. ఆమె వచ్చిందా, అంగడి మళ్ళీ పెట్టిందా అని అడగబోయి ఊరుకున్నాను. రమణయ్య గారు నాకు తల ఊపి నవ్వారు. పాస్‌వర్డ్ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాతి వేసవిలో ప్రమీల, మోహన్, పాప మా ఇంటికి భోజనానికి వచ్చారు. ప్రమీల కొంచెం ఒళ్ళు చేసింది. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మోహన్ అన్నం కలుపుతున్నాడు. ప్రమీల వంటింట్లోకి వెళ్ళినప్పుడు తలెత్తకుండానే అడిగాడు.

“వదినా, ఆ ఆసుపత్రిలో కంప్యూటర్ మీరు చేసినారంట గదా. అందులో ఉండేవి మీకు కనపడతాయా?”

“కనపడవు మోహన్,” అన్నాను. “కనపడకుండానే చేసినాను.”

అతను చేతిలోని ముద్ద పాప నోట్లో పెట్టాడు. తర్వాత పళ్ళెం నా వైపు జరిపి, ఇంకొంచెం చేపల పులుసు పొయ్యమన్నాడు. మా ఇంట్లో అతను అడిగి వడ్డించుకోవడం అదే మొదటిసారి.

ఆ ప్రశ్న అతను ఎందుకు అడిగాడో నాకు తెలియదు. ఆ డేటాబేస్‌లో అతని పేరు ఉందో లేదో ఈనాటికీ తెలియదు. నా వృత్తిలో ఏదైనా కట్టడమంటే దాని ప్రతి మూలా నాకు తెలిసి ఉండటమేనని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ తర్వాత ఎక్కడ ఏ సర్వర్ పెట్టినా మొదట అడిగే మాట మారింది. ఎవరికి కనపడాలి అని కాదు, ఇది పూర్తయ్యాక నాకు కనపడకుండా ఎలా చెయ్యాలి అని అడుగుతున్నాను. తెలియని మనిషి పేరు చూడకుండా ఉండటం పెద్ద కష్టం కాదు. మన బల్ల దగ్గర కూర్చుని అన్నం తినే మనిషిది చూడకుండా ఉండటానికి మనసు ఒక్కటే చాలదు. అందుకు తాళం ఇంకొకరి చేతిలో ఉండాలి.